గడ్డి గులాబీతో నేలంతా పూల పరుపు: మట్టి కలపడం నుంచి కత్తిరింపు దాకా

గడ్డి గులాబీ పెంచేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు మూడు. కొమ్మలు ఏపుగా పెరిగాయి, పూలెందుకు లేవు? చుట్టూ పచ్చగా ఉంది, మధ్యలో మాత్రం బోడిగా మారింది, ఏం చేయాలి? మొన్నటిదాకా బాగున్న మొక్క ఉన్నట్టుండి మెత్తబడి కుళ్ళిపోయింది, కారణమేంటి? మొదటిదానికి జవాబు ఎండలో ఉంది, మూడోదానికి మట్టిలో. రెండోదానికి కత్తెర పట్టాల్సిందే. ఈ మొక్క తనంతట తాను పరుపులా అల్లుకుపోతుందని చాలామంది వదిలేస్తారు. వదిలేస్తే అది పక్కలకు సాగుతుందే తప్ప దట్టంగా కమ్మదు.

పోర్టులాకా, టేబుల్ రోజ్, మాస్ రోజ్, పది గంటల పూలు అని రకరకాలుగా పిలిచేది ఈ మొక్కనే. ఎత్తు 10 నుంచి 20 సెంటీమీటర్లకు మించదు. ఒక్కో మొక్క 30 సెంటీమీటర్ల దాకా పక్కలకు పాకుతుంది.

1. చోటు ఎంచుకోవడం

రోజుకు కనీసం 6 గంటలు నేరుగా ఎండ పడాలి. 8 గంటలైతే మరీ మంచిది. ఆకుల సందుల్లోంచి వడగట్టినట్టు పడే వెలుతురు లెక్కలోకి రాదు. పువ్వు విచ్చుకునేదే ఎండకు. మబ్బు పట్టిన రోజు చాలా రకాలు మొగ్గ విప్పవు, విప్పినా సగంలో ఆగిపోతాయి. పైగా ఒక్కో పువ్వు ఆయుష్షు ఒక్క రోజే. ఉదయపు ఎండ తగలని చోట నాటితే మొక్క పూసినా మీ కంటికి నిండుగా కనిపించదు.

ఉదయం 8 నుంచి సాయంత్రం 4 దాకా గంట గంటకూ ఆ చోటును ఒకసారి చూసి, ఎండ ఉందో నీడ ఉందో రాసుకోండి. ఒక్క రోజు చూస్తే చాలు.

ఎండ ఉన్నా పనికిరాని చోట్లు కొన్ని ఉన్నాయి: కప్పు మీది వాననీరు ధారగా పడే చోటు, పచ్చికకు నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్ అందే చోటు, రోజూ నీళ్ళు కోరే మొక్కల మధ్య ఖాళీ. అడుగులు పడే దారి మీద కూడా వద్దు. కొమ్మలు నీళ్ళతో నిండి పెళుసుగా ఉంటాయి కాబట్టి తొక్కితే విరిగిపోతాయి. దారి అంచుకైతే బాగా నప్పుతుంది.

2. రకం ఎంచుకోవడం

సూదుల్లా గుండ్రటి ఆకులున్నది అసలు గడ్డి గులాబీ. వెడల్పాటి బల్లపరుపు ఆకులతో, పెద్ద ఒంటిరేకు పూలతో వచ్చేది దాని దగ్గరి చుట్టం. పెంపకం రెండింటికీ ఒకటే. ముద్దపూల రకాలు చూడ్డానికి చిన్న గులాబీల్లా ఉంటాయి కానీ వానలో వాటి రేకులు తడిసి ముద్దయి, కొమ్మకు అంటుకుని కుళ్ళు తెస్తాయి. ఎడతెగని తడి ఉండే చోట ఒంటిరేకు రకాలకే నా ఓటు.

రంగులు కలపాలనుకుంటే విడివిడి గుంపులుగా నాటండి. ఎందుకంటే అన్ని రంగులూ ఒకే వేగంతో పెరగవు. కలిపి నాటితే జోరుగా పెరిగే రకం మిగతావాటిని కమ్మేస్తుంది, కొంత కాలానికి ఒకే రంగు మిగులుతుంది.

3. మట్టి సిద్ధం చేయడం

ముందు నీరు ఇంకే తీరు చూడాలి. 20 సెంటీమీటర్ల లోతు గుంత తవ్వి నిండా నీళ్ళు పోయండి. అది ఇంకాక మళ్ళీ నింపి సమయం చూడండి. గంట రెండు గంటల్లో ఖాళీ అయితే ఆ నేల పనికొస్తుంది. నాలుగు గంటలైనా నీరు నిలిచి ఉంటే అక్కడ నేల మీద నేరుగా నాటకండి; 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తు మడి కట్టాలి.

మట్టి కలపాల్సిన పాళ్ళు:

- మామూలు తోట మట్టి: 2 పాళ్ళు
- గరుకు ఇసుక: 2 పాళ్ళు
- బాగా మాగిన కంపోస్టు లేదా వర్మికంపోస్టు: 1 పాలు

నేల బంకమట్టి అయితే ఇసుక 3 పాళ్ళు చేయండి. బంకమట్టిలో గుప్పెడు ఇసుక చల్లి ఊరుకుంటే లాభం లేదు. ఎండాక అది ఇటుకలా గట్టిపడుతుంది. ఇసుక రేణువు వేళ్ళకు గరగరలాడాలి. పిండిలాంటి సన్న ఇసుక మట్టి సందుల్ని పూడ్చేస్తుంది. ఉప్పు ఉంటుంది కాబట్టి సముద్రపు ఇసుక వద్దు.

పైన 15 సెంటీమీటర్ల మట్టిని తవ్వి, గడ్డలు చిదిపి, కలుపు వేళ్ళతో సహా ఏరేయాలి. ఈ ఏరివేత దగ్గర బద్ధకించకండి. పరుపు కమ్ముకున్నాక మధ్యలోంచి గడ్డి పీకడమంటే ప్రతిసారీ నాలుగు పూల కొమ్మలు విరగ్గొట్టుకోవడమే. తవ్విన మడిని ఒకసారి తడిపి రెండు వారాలు ఖాళీగా వదిలేస్తే లోపలున్న కలుపు గింజలు మొలుస్తాయి. వాటిని పైపైన గీకేసి అప్పుడు నాటండి.

కుండీలో పెంచేవాళ్ళకు 15 సెంటీమీటర్ల లోతు చాలు, వెడల్పు ఎక్కువ ఉండాలి. అడుగున రంధ్రాలు తప్పనిసరి. కింద పళ్ళెం పెట్టి నీళ్ళు నిలబెట్టకండి.

4. కొమ్మలతో నాటడం

తక్కువ కాలంలో నేల కప్పాలంటే కొమ్మలే మేలు. తల్లి మొక్క రంగు, రేకు యథాతథంగా వస్తాయి, విత్తనం కంటే ముందు పూస్తాయి.

ఎన్ని కావాలి? 20 సెంటీమీటర్ల ఎడంతో నాటితే చదరపు మీటరుకు 25 కొమ్మలు. 15 సెంటీమీటర్ల ఎడమైతే దాదాపు 45. కొమ్మలు దండిగా ఉంటే దగ్గరగా నాటండి, కలుపుకు చోటుండదు. ఒక్కో గుంతలో రెండేసి పెడితే ఒకటి పోయినా ఖాళీ కనిపించదు.

క్రమం ఇది:

1. పువ్వు, మొగ్గ లేని గట్టి కొమ్మను చూసి 6 నుంచి 8 సెంటీమీటర్ల పొడవున, కణుపుకు కాస్త కింద కత్తిరించండి. కత్తెర పదునుగా, శుభ్రంగా ఉండాలి. నలిగిన చోట కుళ్ళు పడుతుంది.
2. మొగ్గలు ఉంటే గిల్లేయండి. కొమ్మ బలం వేళ్ళకు పోవాలి.
3. కింది 3 సెంటీమీటర్ల ఆకులు తీసేయండి. మట్టిలో పడిన ఆకే ముందు కుళ్ళుతుంది.
4. కొమ్మల్ని మూడు నాలుగు గంటలు నీడలో ఆరనివ్వండి. కోత తడి ఆరి పొర కట్టాలి. మర్నాటిదాకా ఉంచినా ఏమీ కాదు.
5. మడిని ముందుగా తడిపి, చేతికి అంటుకోనంత తేమకు వచ్చాక పుల్లతో రంధ్రం చేసి, ఒకటి రెండు కణుపులు మునిగేలా నాటి చుట్టూ మెల్లగా అదమండి. కొమ్మనే మట్టిలోకి గుచ్చితే కోత మీది పొర చీరుకుపోతుంది.
6. నాటిన వెంటనే నీళ్ళు కుమ్మరించకండి. పై 2 సెంటీమీటర్లు ఆరాక తేలికగా చిలకరించండి.
7. మూడు నాలుగు రోజులు మధ్యాహ్నపు ఎండ మాత్రం తగలకుండా చూడండి. తర్వాత పూర్తి ఎండ.

వారం, పది రోజుల్లో వేళ్ళు వస్తాయి. మెల్లగా పైకి లాగితే కొమ్మ పట్టు చూపుతుంది, కొసన లేత చిగురు కనిపిస్తుంది. వేళ్ళు వచ్చాయో లేదోనని రోజూ పీకి చూడకండి. నాటిన రెండు మూడు రోజులు కొమ్మ వాలిపోవడం మామూలే. కింది భాగం నల్లబడితే మాత్రం అది పోయినట్టే, తీసేసి పైన మిగిలిన ఆకుపచ్చ ముక్కను మళ్ళీ ఆరబెట్టి నాటుకోండి.

5. విత్తనాలతో పెంచడం

పెద్ద చోటు నింపాలన్నా, కలగలుపు రంగులు కావాలన్నా విత్తనాలు. ఇవి ఎంత సన్నవంటే గ్రాముకు దాదాపు 10,000 తూగుతాయి. చిటికెడు గింజల్ని మూడు చెంచాల పొడి ఇసుకలో కలిపి చల్లితేనే సమంగా పడతాయి.

మొలకకు వెలుతురు కావాలి, అందుకే పైన మట్టి కప్పకూడదు. చల్లాక అరచేత్తో అదిమి, పొగమంచులా చిమ్మే స్ప్రేతో తడపండి. గ్లాసుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. 21 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ వేడిలో వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తాయి. మొలిచేదాకా పైపొర ఆరకూడదు. మొలిచాక మాత్రం తడి తగ్గించండి, లేకపోతే నారుకుళ్ళు సోకి దారాల్లాంటి మొలకలు మొదలు దగ్గర సన్నబడి గుంపుగా వాలిపోతాయి.

నారు 3, 4 సెంటీమీటర్లు పెరిగాక ఒక్కొక్కటిగా విడదీయాలని చూడకండి. నాలుగైదు మొలకలున్న చిన్న ముద్దను మట్టితో సహా చెంచాతో లేపి నాటితే వేళ్ళు దెబ్బతినవు. చల్లిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పూత మొదలవుతుంది.

6. నీళ్ళు

రోజు లెక్కన పోస్తే ఈ మొక్క దక్కదు. వేలు 3 సెంటీమీటర్ల లోతుకు గుచ్చండి. తేమ తగిలితే వద్దు. పొడిగా ఉంటే వేళ్ళ దాకా ఇంకేలా నిండుగా పోసి మళ్ళీ ఆరనివ్వండి. రోజూ కాస్త కాస్త పైపైన చల్లడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. వేళ్ళు పైనే ఉండిపోతాయి, మొదలు ఎప్పుడూ తడిగా ఉండి కుళ్ళుతుంది.

దాహానికీ కుళ్ళుకూ తేడా ఆకే చెబుతుంది. ఆకును రెండు వేళ్ళ మధ్య నొక్కి చూడండి. సన్నబడి ముడతలు పడి, రంగు మాత్రం పచ్చగానే ఉంటే దాహం. నీళ్ళు పోస్తే మర్నాటికి తేరుకుంటుంది. ఉబ్బి, గాజులా వెలుతురు కనిపిస్తూ, నొక్కగానే పగిలి నీరు కారితే తడి ఎక్కువైంది. వాలిన మొక్కను చూసి ఇంకో చెంబు పోసేవాళ్ళు ఈ రెండో స్థితిని దాహమనుకుంటున్నారు.

ఉదయాన్నే మొక్క మొదలు దగ్గర పోయండి. విచ్చిన పూల మీద నీళ్ళు పడితే అవి ఆ పూటకే ముడుచుకుపోతాయి. నేలలో బాగా కుదురుకున్న మడికి మండుటెండల్లోనూ వారానికి ఒకటి రెండుసార్లు చాలు. లోతు తక్కువ కుండీలకు అంతకంటే తరచుగా కావాలి.

7. కత్తిరింపు

పువ్వు ఎప్పుడూ కొమ్మ కొసనే వస్తుంది. మొక్కకు ఎన్ని కొసలుంటే అన్ని పూలు. కత్తిరించని కొమ్మ ఒకే కొసతో పొడవుగా సాగుతుంది, వెనకాల ఆకులు రాల్చుకుంటూ పోతుంది. మధ్యలో బోడి కనిపించేది అందుకే. కొస తుంచితే కింది కణుపుల నుంచి రెండు మూడు కొత్త కొమ్మలు వస్తాయి.

మొదటి తుంపు: నాటిన కొమ్మ నుంచి కొత్త చిగుళ్ళు 7, 8 సెంటీమీటర్లు సాగాక ప్రతి కొసనూ 2 సెంటీమీటర్లు గిల్లేయండి. మొగ్గ కనిపిస్తున్నా సరే. ఇక్కడ మనసు ఒప్పక ఆగిపోయేవాళ్ళే ఎక్కువ. ఈ ఒక్క తుంపుతో పూత రెండు వారాలు వెనక్కి పోతుంది, దానికి బదులు కొసలు రెట్టింపు అవుతాయి.

రెండో తుంపు: పక్క మొక్కల కొమ్మలు ఒకదానికొకటి తగిలే సమయంలో. ఈసారి మూడో వంతు పొడవు తీయండి. తీసిన ముక్కల్ని పారేయకుండా ఖాళీల్లో నాటేయండి.

వంతుల వారీ కోత: పరుపు కమ్మాక మడినంతా ఒకేసారి నరికితే రెండు మూడు వారాలు ఒక్క పువ్వూ ఉండదు. మడిని మనసులోనే మూడు భాగాలు చేసుకుని, మూడు వారాలకో భాగం చొప్పున సగం పొడవుకు కత్తిరించండి. ఒక భాగం చిగురిస్తుంటే మిగతా రెండూ పూస్తుంటాయి.

కోసేటప్పుడు ప్రతి కొమ్మ మీదా కొన్ని ఆకులు మిగలాలి. ముదిరి గోధుమరంగుకు తిరిగిన బోడి కాడ దాకా కోస్తే చాలాసార్లు అది చిగురించదు. కోసిన రోజు నీళ్ళు పోయకండి, వానకు ముందు రోజు కోయకండి.

ఇప్పటికే బోడి అయిన మడికి: పొడవాటి కొమ్మల్ని ఆకులున్న మేరకు పొట్టిగా కోయండి. బోడి చోట పై మట్టిని చిన్న చేతిపారతో కదిపి, కలిపిన మట్టి 2 సెంటీమీటర్ల మందాన వేసి, కోసిన ముక్కల్నే ఆరబెట్టి అరచేతి వెడల్పు చోటుకు నాలుగైదు లెక్కన నాటండి. పక్కన సాగిన కొమ్మ ఒకటి రెండుంటే లోపలికి తిప్పి, కణుపు మీద కాస్త మట్టి వేసి, సన్నటి ఇనుప తీగను గాలంలా వంచి అదిమి పెట్టినా వేళ్ళు వేస్తుంది. మూడు, నాలుగు వారాల్లో ఆ చోటు పూడుతుంది.

వాడిన పూలను రోజూ ఏరనవసరం లేదు. ముద్దపూల రకాలకు మాత్రం, అదీ తడి రోజుల్లో, చేత్తో ఒకసారి దులిపేస్తే మంచిది.

8. ఎరువు

తక్కువే మంచిది. నాటేముందు కలిపిన కంపోస్టు మొదటి రెండు నెలలకు చాలు. తర్వాత రెండు నెలలకోసారి చదరపు మీటరుకు నాలుగైదు గుప్పిళ్ళ వర్మికంపోస్టు కొమ్మల సందుల్లో పడేలా చల్లండి. కుండీలకైతే మూడు అంకెలూ సమంగా ఉన్న ఎన్‌పీకే (నత్రజని, భాస్వరం, పొటాష్) ద్రవ ఎరువును డబ్బా మీది మోతాదులో సగానికి పలచన చేసి నెలకోసారి ఇవ్వవచ్చు, అదీ తడిగా ఉన్న మట్టికే. యూరియా జోలికి పోకండి. నత్రజని ఎక్కువైతే ముదురు పచ్చ రంగుతో, మెత్తటి లావు కాడలతో, పూలు లేకుండా పెరుగుతుంది. ఆ మెత్తటి చిగుళ్ళ కోసమే పేనుబంకా వస్తుంది.

9. ఏం కనిపిస్తే ఏం చేయాలి

పచ్చగా ఉంది, పూలు లేవు: ముందు ఎండ గంటలు లెక్కపెట్టండి. అవి సరిపోతే ఎరువు ఆపండి. రెండూ సరిగ్గా ఉంటే కొమ్మలు ముదిరాయి, కత్తిరించండి.

మొగ్గలున్నాయి, విచ్చుకోవు: మబ్బు, నీడ, లేదా ఉదయం మొగ్గల మీద పడుతున్న నీళ్ళు. ఎండ ఉన్నా మొగ్గలు లోపలే గోధుమరంగుకు తిరిగితే ఒకటి విప్పి తెల్ల కాగితం మీద దులపండి. గీతల్లా సన్నగా కదిలేవి కనిపిస్తే తామరపురుగులు.

కొమ్మలు సన్నగా, ఆకుల మధ్య ఎడం ఎక్కువ: ఎండ చాలదు. చోటు మార్చడమే మందు.

మొదలు నల్లబడి మెత్తబడింది: వేరుకుళ్ళు. నీళ్ళు ఆపినంత మాత్రాన ఆ మొక్క కోలుకోదు. కోత లోపలి భాగం తెల్లగా, గట్టిగా కనిపించేంత పైకి కోసుకుంటూ పోయి, ఆ కొసల్ని ఆరబెట్టి వేరే చోట నాటండి. పోయిన మొక్కను చుట్టూ గుప్పెడు మట్టితో సహా తీసి పారేయండి. అదే గుంతలో వెంటనే నాటకండి.

ఆకుల మీద లేత మచ్చలు, తెల్లటి పొక్కులు: తెల్ల తుప్పు అనే తెగులు. ఆ కొమ్మలు కోసి దూరంగా పడేయండి, కంపోస్టు గుంతలో వేయవద్దు. పైనుంచి నీళ్ళు చిమ్మడం మానేసి, మడిని పలచన చేసి గాలి ఆడనివ్వండి.

కణుపుల దగ్గర తెల్లటి దూది: తొందరపడకండి. గడ్డి గులాబీ కణుపుల్లో సహజంగానే తెల్లటి నూగు వెంట్రుకలుంటాయి. వేలితో రుద్దితే జిగురుగా ఊడివస్తే పిండినల్లి, పోగుల్లా అంటిపెట్టుకుని ఉంటే మొక్క సొంత నూగు. పిండినల్లి కొద్దిగా ఉంటే 70 శాతం ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవండి. పాకితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, 1 మిల్లీలీటరు ద్రవ సబ్బు కలిపి, పూలు ముడుచుకుని తేనెటీగలు వెళ్ళాక సాయంత్రం కొట్టండి. ముందు రెండు మూడు కొమ్మల మీద కొట్టి, రెండు రోజులు చూసి, మాడకపోతేనే అంతటా కొట్టాలి. ఎండవేళ కొట్టిన నూనె ఆకును కాలుస్తుంది.

ఆకులు కొరికేసినట్టు, నేల మీద వెండి జిగురు గీతలు: నత్తలు. రాత్రి లైటు వేసి ఏరేయడమే నమ్మకమైన పని. జిగురు లేకుండా నల్లటి గింజల్లాంటి పెంట కనిపిస్తే గొంగళి పురుగు. ఆకుల కింద వెతికితే దొరుకుతుంది.

10. కలుపు గుర్తుపట్టడం

గంగవావిలి ఇదే కుటుంబానికి చెందింది కాబట్టి మొలక దశలో తికమక పెడుతుంది. దాని ఆకు బల్లపరుపుగా, చెంచా ఆకారంలో ఉంటుంది. గుండ్రటి సూది ఆకుల రకం పెంచుతుంటే తేడా తేలిగ్గా తెలుస్తుంది. బల్లపరుపు ఆకుల రకం పెంచేవాళ్ళు పువ్వు దాకా ఆగాలి: గంగవావిలికి చిన్న పసుపు పూలే వస్తాయి. నేలకు అంటుకుని పాకే ఇంకో మొక్కను తుంచితే పాలు కారతాయి. గడ్డి గులాబీకి పాలు ఉండవు, కాబట్టి పాలు కారిందంటే పీకేయండి, ఆ పాలు కళ్ళకు తగలనివ్వకండి.

ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే ఒక జాగ్రత్త: గడ్డి గులాబీలో కరిగే ఆక్సలేట్లు ఉంటాయి, అవి తింటే వాటికి హాని. అందకుండా పెంచండి.

11. వారం వారం చూసుకోవలసినవి

- వేలు గుచ్చి తేమ చూశారా
- నాలుగు చోట్ల కొమ్మలు పక్కకు జరిపి మొదళ్ళు చూశారా
- కణుపులు, మొగ్గలు, ఆకుల అడుగు చూశారా
- మొలిచిన కలుపు చిన్నగా ఉన్నప్పుడే తీశారా
- ఈ మూడు వారాల వంతు కోత అయిందా

12. చెడ్డ రోజులకు వెనకేసుకోవడం

ఎడతెగని వాన, గడ్డకట్టే చలి ఈ మొక్కకు గిట్టవు. వాన మొదలవడానికి ముందే ప్రతి రంగు నుంచీ పది కొమ్మలు తీసి, సగం ఇసుక కలిపిన చిన్న కుండీల్లో నాటి, ఎండ తగిలే చూరు కింద ఉంచండి. మడి పోయినా రకం పోదు. చలి ప్రాంతాల్లో ఆ కుండీలను కిటికీ పక్కన, దాదాపు పొడిగా ఉంచితే చాలు. అక్కడ పెరుగుదల ఆశించకండి, ఎరువు వేయకండి.

విత్తనం దాచుకోవాలంటే కొమ్మ కొసన ఎండిన గడ్డి రంగుకు తిరిగిన చిన్న కాయల కోసం చూడండి. పండిన కాయకు చుట్టూ గీత గీసినట్టు ఉండి, గోరు తగలగానే పైభాగం టోపీలా ఊడి వస్తుంది. కింది గిన్నెలో ఇనుప రజనులాంటి బూడిదరంగు గింజలు మెరుస్తాయి. గాలి లేని పూట, కింద కాగితం పట్టుకుని కొమ్మ వంచి దులపండి. రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లం కట్టి, రంగు, తేదీ రాసి పొడి చోట పెట్టండి. ముద్దపూల విత్తనాల నుంచి కొన్ని ఒంటిరేకు మొక్కలూ రావచ్చు, కాబట్టి అచ్చంగా ఆ పువ్వే కావాలంటే కుండీలో దాచిన కొమ్మల్నే నమ్ముకోండి.